పొమ్మనలేక పొగబెట్టే చట్టం

ఈ వారం ఒక చిన్న క్విజ్‌తో మొదలుపెడదాం. గూగుల్ చేయకుండా చెప్పాలి.

ఒకతను ఆఫీసు గేటు దాటి బయటికొచ్చాడు. రోడ్డు పక్కన టీ బండి ఉంది. బండి పక్కన నిలబడి సిగరెట్ వెలిగించాడు. పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. పది అడుగుల దూరంలో సిటీ బస్టాప్. ఇది నేరమా, కాదా?

మా టీమ్‌లో ఏడుగురిని అడిగా. నలుగురు నేరమే అన్నారు. ఇద్దరు కాదన్నారు. ఒకడు మాత్రం తల గోక్కుని, "పోలీసు ఉంటే నేరం, లేకపోతే కాదు" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత చట్టం తీసి చదివాక అర్థమైంది, ఏడుగురిలో కరెక్ట్‌కి దగ్గరగా వచ్చింది వాడొక్కడే అని.

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను సిగరెట్ తాగను. కాలేజీలో కూడా తాగలేదు. సిగరెట్ కంపెనీ షేర్లు కూడా నా దగ్గర లేవు. ఎవరైనా లిఫ్ట్‌లో పొగ వాసనతో ఎక్కితే నేను కూడా మొహం తిప్పుకునే బ్యాచే. అయినా సరే, బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై మన ప్రభుత్వాలు పెట్టిన, ఇంకా పెట్టాలని చూస్తున్న నిషేధాలు ఇప్పుడున్న పద్ధతిలో నాకు నచ్చవు. ఎందుకో చెప్తా. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

రూల్ ఎక్కడ నుంచి వచ్చింది?

1999లో కేరళ హైకోర్టు బహిరంగంగా పొగ తాగడం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. 2001లో మురళీ దేవరా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు దేశమంతా ఆస్పత్రులు, స్కూళ్లు, లైబ్రరీలు, కోర్టులు, ప్రభుత్వ ఆఫీసులు, బస్సులు, రైళ్లలో పొగ తాగకూడదని ఆదేశించింది. తాగని మనిషి చేయని తప్పుకు ఎందుకు జబ్బు పడాలన్నది కోర్టు అడిగిన ప్రశ్న. దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ దగ్గర కూడా ఉండదు.

2003లో పార్లమెంటు పొగాకు నియంత్రణ చట్టం చేసింది. అందరూ కోట్పా అని పిలిచేది దాన్నే. అసలు కథ మాత్రం 2008 అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజున మొదలైంది. అన్బుమణి రామదాస్ కేంద్ర ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాయి. ప్రైవేటు ఆఫీసులు, షాపింగ్ మాల్స్, సినిమా హాళ్లు అన్నీ లిస్టులో చేరాయి. ఐటీసీ, హోటళ్ల సంఘం కోర్టుకెళ్లాయి కానీ సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు.

మనలో చాలామంది అప్పటికి స్కూల్లో ఉన్నాం. అందుకే బస్సులో, సినిమా హాల్లో పొగ లేకపోవడం మనకు మామూలు విషయం. మా నాన్న తరం వాళ్లనడగండి. సెకండ్ షోలో ప్రొజెక్టర్ వెలుగు తెర మీద పడేలోపు పొగమేఘాల్లోంచి ఎలా ఈదుకుంటూ వెళ్లేదో చెప్తారు. అది పోయింది. మంచిదైంది. నాలుగు గోడల మధ్య, తప్పించుకునే దారి లేని చోట, పక్కవాడి పొగ పీల్చాల్సిన ఖర్మ ఎవరికీ ఉండకూడదు. ఈ నిషేధాన్ని తీసేయమని నేను అనను. పక్కవాళ్ల పొగ వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షలమందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దీని మీద డిబేట్ లేదు.

నా పేచీ ఆ నాలుగు గోడలు దాటాక మొదలవుతుంది.

ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఇంకో ఇఫ్

2003 చట్టం "బహిరంగ ప్రదేశం" అంటే ఏంటో చెప్పింది. జనం వెళ్లగలిగే ఏ చోటైనా సరే. ఓకే. వెంటనే ఒక మినహాయింపు పెట్టింది: ఆరుబయలు ఇందులోకి రాదు. అదీ ఓకే. గాలి ఆడే చోట వదిలేశారన్నమాట.

2008 రూల్స్ వచ్చి ఆ మినహాయింపుకు ఇంకో మినహాయింపు పెట్టాయి. జనం వచ్చే ఓపెన్ ఆడిటోరియం, స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాప్ లాంటివి ఆరుబయలు కిందకి రావన్నాయి. సరే, అదీ అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ వాక్యం చివర్లో ఒక తోక ఉంది: "అలాంటి ఇతర ప్రదేశాలు".

నేను రోజూ కోడ్ రాసి బతికేవాణ్ని. కండిషన్ చివర "ఇంకా ఇలాంటివి ఏవైనా" అని రాసి రివ్యూకి పంపితే మా లీడ్ నన్ను బతకనివ్వడు. ఎందుకంటే ఆ కోడ్ ఏం చేస్తుందో రాసినవాడికే తెలీదు. రన్ చేసేవాడి మూడ్‌ని బట్టి ఉంటుంది.

చట్టంలోనూ అంతే. టీ బండి "అలాంటి ఇతర ప్రదేశం" అవునా? ఫుట్‌పాత్? చెరువు గట్టు? అపార్ట్‌మెంట్ టెర్రస్? సమాధానం ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషి చెప్పాలి. జరిమానా 200 రూపాయల వరకు. వేసే అధికారం పోలీసులకే కాదు, వాళ్ల వాళ్ల పరిధిలో స్టేషన్ మాస్టర్లకు, హెడ్మాస్టర్లకు, లైబ్రేరియన్లకు కూడా ఉంది. స్కూల్లో, స్టేషన్లో దీనితో ఇబ్బంది లేదు, హద్దు కనిపిస్తుంది. రోడ్డు మీద హద్దు కనిపించదు. కనిపించని హద్దు దగ్గర పనిచేసేది చట్టం కాదు, బేరం.

ఆ బేరంలో ఎవరు దొరుకుతారో మీకూ తెలుసు. కారు అద్దాలు ఎక్కించుకుని తాగేవాడు దొరకడు. ఆర్డర్‌కీ ఆర్డర్‌కీ మధ్య బైక్ ఆపి దమ్ము కొట్టే డెలివరీ కుర్రాడు దొరుకుతాడు. పన్నెండు గంటల షిఫ్టులో గేటు దాటి రెండు నిమిషాలు బయటికొచ్చిన వాచ్‌మన్ దొరుకుతాడు. 200 రూపాయలు మనకు ఒక బిర్యానీ రేటు. వాళ్లకు సగం రోజు సంపాదన కావచ్చు.

ముప్పై కుర్చీల న్యాయం

ఇప్పుడు చట్టంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన లైనుకొద్దాం.

30 గదులున్న హోటల్, 30 మంది లేదా అంతకుమించి కూర్చునే రెస్టారెంట్, ఎయిర్‌పోర్టు. ఈ మూడు చోట్ల పొగ తాగేవాళ్లకు విడిగా చోటు పెట్టుకోవచ్చు. నిండు గోడలు, వాటంతటవే మూసుకునే తలుపులు, పొగ బయటికి లాగేసే ఏర్పాటు ఉండాలి. రూల్స్‌లో ఇవన్నీ వివరంగా రాశారు.

మరి 12 కుర్చీల ఇరానీ హోటల్? వీల్లేదు. ఫ్యాక్టరీ? వీల్లేదు. మూడు వేలమంది పనిచేసే సాఫ్ట్‌వేర్ టవర్? అదీ వీల్లేదు. జిల్లా బస్టాండు? అసలు ఊసే లేదు.

ఒక్కసారి ఆలోచించండి. పొగ పక్కవాళ్లకు హాని చేస్తుందనే కదా నిషేధం? ఆ పొగకు స్టార్ హోటల్ లాబీ తెలుసా, బస్టాండ్ బెంచీ తెలుసా? విమానం ఎక్కేవాడికి గ్లాసు గది కట్టి, ఏసీ పెట్టి, "ఇక్కడ తాగండి సార్" అనొచ్చు. పల్లెవెలుగు బస్సు ఎక్కేవాడికి మాత్రం బోర్డు చూపించి "తాగితే ఫైన్" అంటారు. రెండు చోట్లా అలవాటు ఒకటే, పొగ ఒకటే. తేడా టికెట్ రేటులో ఉంది.

జపాన్‌లో సరిగ్గా రివర్స్ చేశారు. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ రెస్టారెంట్ల లోపల పొగ నిషేధం. కానీ అప్పటికే నడుస్తున్న చిన్న హోటళ్లకు, అంటే కస్టమర్లు కూర్చునే చోటు 100 చదరపు మీటర్ల లోపు ఉండి, పెట్టుబడి 5 కోట్ల యెన్లు దాటని వాటికి, మినహాయింపు ఇచ్చారు. చిన్నవాళ్ల వ్యాపారం దెబ్బతినకూడదని. దాన్ని అక్కడి డాక్టర్లు తప్పుపట్టారు, అది వేరే సంగతి. నేను చెప్పేదేంటంటే, మినహాయింపు ఇవ్వక తప్పదనుకున్నప్పుడు వాళ్లు చిన్నవాడి వైపు చూశారు, మనవాళ్లు పెద్దవాడి వైపు చూశారు.

టోక్యోలోని చియోదా వార్డు 2002లోనే నడిచే దారిలో సిగరెట్ తాగితే 2,000 యెన్ల జరిమానా అంది. అక్కడ వీధుల్లో పొగ తాగేవాళ్లకంటూ గుర్తుపెట్టిన చోట్లు కూడా ఉంటాయి. వద్దన్నవాడే ఎక్కడో కూడా చెప్పాడు. నాకు నచ్చింది ఈ జత.

"మరెక్కడ తాగాలి?"

మా అమ్మకు ఆయాసం ఉంది. రెండేళ్ల క్రితం చలికాలంలో ఇద్దరం ఒక బస్టాప్‌లో నిలబడ్డాం. పక్కనే ఒక పెద్దాయన బీడీ వెలిగించాడు. అమ్మకు దగ్గు మొదలైంది. నేను వెళ్లి, "పెద్దాయనా, మా అమ్మకు ఊపిరాడదు. కొంచెం పక్కకెళ్తారా?" అన్నాను. ఆయన గొడవ పెట్టుకోలేదు. బీడీని చేతి చాటున దాచుకుని, "మరెక్కడ తాగాలి బాబూ?" అన్నాడు. నిజంగానే అడిగాడు, ఎదురుతిరగడం కాదు. చుట్టూ చూశాం. ఇటువైపు స్కూలు గోడ. అటువైపు క్లినిక్. వెనకాల టీ బండి, అక్కడ నలుగురు పిల్లలున్నారు. ఆయన టీ బండి దాకా వెళ్లాడు. గాలి ఇటే వీస్తోంది, పొగ మళ్లీ మా దగ్గరికే వచ్చింది.

ఆ బస్టాప్‌లో బోర్డు ఉంది, పొగ తాగరాదని. చట్టం తన పని చేసేసింది. కానీ మా అమ్మ ఊపిరికి దానివల్ల ఒరిగిందేమీ లేదు, ఆ పెద్దాయనకు దారి దొరికిందీ లేదు. అదే ఇరవై గజాల అవతల, గాలి వాలు చూసి, ఒక రేకు, ఒక ఇసుక తొట్టి పెట్టి "పొగ తాగేవారు ఇక్కడ" అని రాసుంటే? నేను ధైర్యంగా "అక్కడికెళ్లండి" అనేవాణ్ని. ఆయన వెళ్లేవాడు.

ఈ అస్పష్టత వల్ల నష్టపోయేది తాగేవాళ్లే అనుకోకండి. తాగని మనం ఇంకా ఎక్కువ నష్టపోతున్నాం. హద్దు స్పష్టంగా ఉంటేనే కదా, హద్దు దాటొద్దని అడగగలం!

మన రైల్వే చట్టంలో ఒక పాత సెక్షన్ ఉంది, 167. పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగకూడదు అంటుంది. అంటే అడిగే హక్కు పక్కవాడి చేతికిచ్చింది. అడగడానికి అందరికీ ధైర్యం చాలదు, ముఖ్యంగా ఆడవాళ్లకు. అందుకే మూసిన పెట్టెకు పూర్తి నిషేధమే కరెక్ట్. కానీ ఆరుబయట ఈ ఆలోచన ఇప్పటికీ పనికొస్తుంది. ముందు చోటు చూపించు, తర్వాత పక్కవాడికి అడిగే హక్కు ఇవ్వు, అప్పటికీ వినకపోతే ఫైన్ వెయ్యి.

పండించమని ఒకరు, తాగొద్దని ఇంకొకరు

ప్రభుత్వం పొగాకుకు నిజంగా శత్రువే అయితే ఈ కఠినత్వాన్ని గౌరవించేవాణ్ని. కానీ గుంటూరుకు వెళ్లి చూడండి. 1976 నుంచి కేంద్ర వాణిజ్య శాఖ కింద టొబాకో బోర్డు హెడ్ ఆఫీసు అక్కడే ఉంది. సిగరెట్లలో వాడే వర్జీనియా పొగాకు ఏ ఏడాది ఎంత పండించాలో ఆ బోర్డే చెప్తుంది. రైతుల్ని, బ్యారన్లను రిజిస్టర్ చేస్తుంది. వేలం కేంద్రాలు నడుపుతుంది. ఎగుమతులు పెంచడం దాని బాధ్యత. రాజమండ్రిలో పొగాకు మీద కేంద్ర పరిశోధనా సంస్థను 1947లోనే పెట్టారు. సిగరెట్ ధరలో దాదాపు సగం పన్నుల కిందే పోతుంది. మన డబ్బుతో నడిచే ఎల్ఐసీకి ఐటీసీలో పెద్ద వాటా ఉంది.

మా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడిది ప్రకాశం జిల్లా. వాళ్ల నాన్న పొగాకు రైతు. సీజన్లో రాత్రంతా బ్యారన్ దగ్గర వేడి చూసుకుంటూ కూర్చుంటాడు. ఆ ఆకు అమ్మిన డబ్బుతోనే వీడి నాలుగేళ్ల ఫీజు కట్టాడు. ఆ రైతును నేను తప్పుపట్టను, ఆయనకు గిట్టుబాటయ్యే వేరే పంట ఎవరూ చూపించలేదు. నా ప్రశ్న ప్రభుత్వానికి. పండించేటప్పుడు రైతుకు రిజిస్ట్రేషన్ ఇస్తావు, అమ్మేటప్పుడు పన్ను తీసుకుంటావు, లాభంలో వాటా తీసుకుంటావు. తాగే మనిషి కనపడ్డప్పుడు మాత్రం నీకు ఆరోగ్యం గుర్తొస్తుందా?

పొమ్మనలేక పొగబెట్టడం అని మనవాళ్లంటారే, సరిగ్గా ఇదే. సిగరెట్ పూర్తిగా ఆపమనే ధైర్యం లేదు, ఆదాయం పోతుంది. అందుకని తాగేవాణ్ని ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇంకో చోటికి తరుముతుంటారు.

ఇంకో వింత చూడండి. 2019లో ఈ-సిగరెట్లను దేశమంతా నిషేధించారు. అమ్మితే మొదటిసారికే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కుర్రాళ్లను కొత్త వ్యసనం నుంచి కాపాడాలన్నది కారణం. ఆ కారణం నాకు అర్థమవుతుంది. కానీ ఏ పాన్ షాపులో చూసినా దారానికి వేలాడే లైటరు, దాని పక్కన సిగరెట్ పెట్టెల వరుస! కొత్తది నేరం, ప్రాణాలు తీస్తుందని డెబ్బై ఏళ్లుగా తెలిసిన పాతది దర్జాగా కౌంటర్ మీద. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీ హుక్కా సెంటర్లను నిషేధించింది. కర్ణాటక కూడా హుక్కా బార్లు ఆపేసి, బహిరంగ ధూమపానం ఫైన్ 1,000 రూపాయలకు పెంచింది, కొనే వయసు 21 చేసింది. బెంగళూరులో ఉన్న మనవాళ్లు గమనించే ఉంటారు. కేంద్రం 2020 చివర్లో తెచ్చిన డ్రాఫ్ట్‌లో అయితే హోటళ్లు, ఎయిర్‌పోర్టుల్లోని ఆ గదులు కూడా తీసేద్దామన్నారు. బిల్లుగా పార్లమెంటు దాటలేదనుకోండి.

ఆ చివరిది చూసి, "నువ్వడిగిన సమానత్వం అదే కదా?" అనొచ్చు. కాదు. ఉన్నవాడికీ లేనివాడికీ ఇద్దరికీ చోటు లేకుండా చేస్తే సమానంగా దాక్కుని తాగుతారు. మెట్ల మీద, బాత్రూముల్లో, పార్కింగ్ మూలల్లో. అంటే మళ్లీ నాలుగు గోడల మధ్యకే వస్తారు. మనం వద్దనుకున్నదే అది.

నిషేధం వల్లే తగ్గిందా?

ఇక్కడ గట్టి ప్రశ్న ఒకటి వస్తుంది. "బాబూ, నిషేధం పెట్టాకే కదా పొగాకు వాడకం తగ్గింది?" నిజమే, తగ్గింది. కేంద్రం చేయించిన పెద్ద సర్వే ప్రకారం 2009-10లో పెద్దవాళ్లలో 34.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2016-17కు అది 28.6 శాతానికి వచ్చింది. పొగ తాగేవాళ్లు 14 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గారు. సంతోషించాల్సిన విషయం. కానీ ఆ ఏడేళ్లలో ధరలు పెరిగాయి, పన్నులు పెరిగాయి, సినిమా ముందు యాడ్స్ వచ్చాయి, 2016లో పెట్టె మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరికలు వచ్చాయి. మొత్తం క్రెడిట్ 200 రూపాయల ఫైన్‌కు ఇవ్వడం కుదరదు.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. 38.7 శాతం పెద్దవాళ్లు ఇంట్లోనే పక్కవాళ్ల పొగ పీలుస్తున్నారు. ఇంట్లో! అక్కడికి ఏ స్టేషన్ మాస్టరూ రాడు, ఏ బోర్డూ పనిచేయదు. భార్య దగ్గుతోంటే, పిల్లాడు పక్కనే హోంవర్క్ చేసుకుంటుంటే, టీవీ ముందు కూర్చుని తాగే నాన్నను మార్చాల్సింది మాట, భయం కాదు.

పూర్తి నిషేధం ఎలా ఉంటుందో చూడాలంటే భూటాన్ ఉంది. 2004 చివర్లో దేశమంతా పొగాకు అమ్మకం ఆపేసింది. 2010లో చట్టం ఇంకా బిగించింది. మరుసటి ఏడాదే కొద్దిపాటి నమిలే పొగాకు తెచ్చాడని ఒక బౌద్ధ సన్యాసికి మూడేళ్ల జైలు వేశారు. జనం గొడవ చేస్తే చట్టం సడలించారు. ఇంత చేసినా సరిహద్దు దాటి మన దేశం నుంచి సరుకు వెళ్తూనే ఉంది. చివరికి కోవిడ్ టైమ్‌లో, ఆ స్మగ్లింగ్‌తో పాటు వైరస్ కూడా వస్తుందని భయపడి అమ్మకాల మీద నిషేధం ఎత్తేశారు.

అంత దూరం ఎందుకు, మన గుట్కా చూడండి. నిషేధమే. షాపులో పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఒక ప్యాకెట్ విడివిడిగా ఇస్తారు. కలుపుకోవడం కొన్నవాడి పని. చట్టం పొడిగా ఉంది, నోరు ఎర్రగా ఉంది.

చూసే కళ్లు

ఇంకొక్క విషయం చెప్పకపోతే ఈ కాలమ్ సగమే.

శ్రీకాకుళం, విశాఖ తీరం ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట మండే కొసను నోటి లోపల పెట్టుకుని. దానివల్ల అంగుట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఆ అమ్మలను ఎవరూ వీడియో తీయలేదు. తీయకూడదు కూడా. అదే టెక్ పార్క్ బయట ఇరవై అయిదేళ్ల అమ్మాయి సిగరెట్ వెలిగిస్తే? పక్కనే పదిమంది మగాళ్లు తాగుతున్నా సరే, ఫోన్లు పైకి లేచేది ఆమె వైపే. "పబ్లిక్‌లో తాగడం తప్పు కదా మేడమ్" అని క్లాసు పీకేవాడి చేతిలోనూ సిగరెట్ ఉంటుంది!

గోడ మీద పిల్లిలాంటి చట్టం ఉన్న చోట ఇలాంటి పెద్దమనుషులు పుట్టుకొస్తారు. వాళ్లకు కావాల్సింది ఎవరి ఊపిరితిత్తుల ఆరోగ్యమో కాదు, వేలెత్తి చూపడానికి ఒక రూల్. "ఇక్కడ తాగొచ్చు" అని రాసున్న చోట ఆ అమ్మాయి నిలబడితే వాళ్ల నోటికి పని ఉండదు. ఆమె ఆరోగ్యం గురించి ఆమెకు చెప్పాల్సినవాళ్లు డాక్టరు, ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్. రోడ్డున పోయే కెమెరా కాదు.

నా బగ్ రిపోర్ట్

ఊరికే తిట్టి వెళ్లిపోవడం మా వృత్తికి నామోషీ. బగ్ చెప్పినవాడు ఫిక్స్ కూడా చెప్పాలి.

ఒకటి. మూసిన చోట నిషేధం అలాగే ఉంచండి. బస్సు, హాలు, ఆఫీసు, ఆస్పత్రి, బడి. ఇందులో చర్చ వద్దు.

రెండు. "అలాంటి ఇతర ప్రదేశాలు" అన్న తోక కత్తిరించండి. ఎక్కడ కూడదో పేరుపెట్టి, దూరం కొలిచి రాయండి. బస్టాప్ నుంచి ఎన్ని మీటర్లు, స్కూలు గేటు నుంచి ఎన్ని మీటర్లు. చదువు రానివాడికి కూడా తెలిసేలా రోడ్డు మీద గీత గీయండి.

మూడు. బోర్డు పెట్టినవాడే చోటు కూడా చూపించాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు బోర్డు ఉండాలని రూల్ రాయగలిగినవాళ్లు, దాని కింద ఒక బాణం గుర్తు వేసి "తాగేవారు అటు" అని రాయలేరా? పెద్ద బస్టాండ్లు, ఫ్యాక్టరీలు, టెక్ పార్కులు ఆరుబయట, జనానికి దూరంగా ఒక రేకుల షెడ్డు వేయాలి. అది లేని చోట తాగినవాడి మీద కాదు, షెడ్డు వేయని యాజమాన్యం మీద ఫైన్ వేయండి.

నాలుగు. 30 కుర్చీల లెక్క తీసేయండి. చోటు ఇస్తే అందరికీ ఒకే కొలత. గదుల సంఖ్యను బట్టి కాదు, పొగ పక్కవాడిని తాకుతుందా లేదా అన్నదాన్ని బట్టి.

అయిదు. ఆ షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో 1800-11-2356 అని రాయండి. పొగాకు మానాలనుకునేవాళ్లకు సాయం చేసే ఉచిత నంబరు అది. సిగరెట్ పెట్టె మీద ఉంటుంది కానీ, తాగేవాడు పెట్టె ఎక్కడ చూస్తాడు? విడి సిగరెట్ కొంటాడు. మానాలనుకునే మనిషి ఎక్కడో దాక్కుని తాగుతుంటే ఆ నంబరు అతనికి కనపడదు. నలుగురూ నిలబడే చోట కనపడుతుంది.

ఇందులో ఏదీ సిగరెట్‌ను గొప్ప చేయదు. గిరీశం చుట్ట మహిమ గురించి ఎంత చెప్పినా అది కన్యాశుల్కంలోనే బాగుంటుంది. మీలో తాగేవాళ్లుంటే, మానేయండి అనే అంటాను. నా ఫ్రెండ్స్‌కూ అదే చెప్తా, వాళ్లు నన్ను పట్టించుకోరు, మళ్లీ చెప్తా. కానీ మానమని చెప్పడం వేరు, నిలబడే చోటు లేకుండా చేయడం వేరు. మొదటిది మనిషి మీద ప్రేమతో వచ్చేది. రెండోదానికి ప్రేమ అక్కర్లేదు, ఒక రసీదు పుస్తకం చాలు.

క్విజ్ ప్రశ్న మీ దగ్గరే ఉంది. ఈ రోజు లంచ్ టైమ్‌లో మీ టీమ్‌లో అడిగి చూడండి. అందరూ ఒకే సమాధానం చెప్పే రోజు వస్తే, ఈ కాలమ్‌ను నేనే వెనక్కి తీసుకుంటా.